ఏటా లంకకి వెళ్లిన రొట్టె

మా అమ్మ పోయిన తరవాత వచ్చిన మొదటి వేసవిలో, లంక పిన్ని మా ఇంటికి వస్తానని కబురు పెట్టింది. ఈ రోజుల్లో కబురంటే ఫోనే కదా. ఆవిడ కొడుకు ఫోన్ చేసి, "అక్కా, అమ్మ మిమ్మల్ని ఓసారి చూడాలంటందండి, ఆదివారం కారులో తీసుకొత్తాను" అన్నాడు. తప్పకుండా రమ్మని చెప్పి ఫోను కింద పెట్టానో లేదో, నాకు అనుమానం మొదలైంది. రాజమండ్రిలో మేము ఇల్లు కొనుక్కుని ఇన్నేళ్లయింది. గృహప్రవేశానికి పిలిస్తే రాలేదు. మా అమ్మాయి శిరీష పెళ్లికి వచ్చింది కానీ, వెనక వరసలో కూర్చుని, అక్షింతలు వేసి, భోజనం కూడా చేయకుండా వెళ్లిపోయింది. అలాంటి మనిషి, కర్ర లేకుండా అడుగు వేయలేని వయసులో, ఈ ఎండలో పనిగట్టుకుని వస్తోందంటే ఊరికే రాదు. శిరీష ఇలాంటి వాటిలో నాకంటే రెండాకులు ఎక్కువే చదివింది. "ఎందుకొస్తోందో ముందు కనుక్కో అమ్మా. ఏ కాగితం మీదైనా సంతకం పెట్టమంటే మాత్రం పెట్టకు. ఆదివారం నేనూ వచ్చి కూర్చుంటాను" అంది.

లంక పిన్ని నాకు పిన్ని కాదు. నన్ను కన్నది ఆవిడే. పెంచింది వెంకాయమ్మగారు. మా అమ్మ అని నేను ఎక్కడ అన్నా ఆ వెంకాయమ్మగారే. నాకీ అనుమానపు బుద్ధి కూడా ఆవిడ ఇచ్చిందే. రక్తంలో వచ్చే దారి లేదు కనక, అన్నంతో పాటు కలిపి పెట్టి ఉంటుంది.

ధవళేశ్వరంలో కాలవ గట్టు మీద నాన్నకి చిన్న ధాన్యం మిల్లు ఉండేది. దాని వెనకే మా ఇల్లు. పొద్దున్నే మిల్లు బెల్టు తిరగడం మొదలైతే మా వంటింట్లో గిన్నెలు సన్నగా మోగేవి. వెచ్చటి తవుడు వాసన, ఊక పొయ్యి పొగ, వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు బయటపడ్డ బురద కంపు, ఇవన్నీ కలిస్తే మా ఇల్లు. ఆ ఇంట్లో మా అమ్మ నమ్మిన మనిషంటూ లేడు. పాలవాడు వస్తే గోటి మీద పాలచుక్క నిలబెట్టి చూసేది. "నీళ్లు కలపలేదండి, ఒట్టండి" అని అతనంటే, "అడక్కుండానే ఒట్టేశావంటే కలిపే ఉంటావు" అనేది. మిల్లుకి ధాన్యం తెచ్చిన రైతులు వరండాలో కూర్చుని నన్ను దగ్గరికి పిలిస్తే, తలుపు చాటు నుంచి ఒక దగ్గు వినిపించేది. ఆ దగ్గు వింటే నేను లోపలికి వెళ్లిపోవాలి. నా తల దువ్వినప్పుడు ఊడిన వెంట్రుకల్ని ఉండ చుట్టి పొయ్యిలో వేసి, అవి చిటపటలాడి కాలే వాసన వచ్చేదాకా కదిలేది కాదు. దండెం మీద నా గౌను సాయంత్రం దాకా ఉంటే, అది ఎవరి చేతిలో పడి ఏమవుతుందోనని నాన్న మీద కేకలేసేది. నాన్న పాపం తలకి తవుడు దుమ్ముతో, అన్నిటికీ "అలాగేలే" అనేవారు.

అన్నిటికంటే విచిత్రం నోరు వాసన చూడటం. నేను బడి నుంచి కానీ, ఎవరింటి నుంచి కానీ వస్తే, కాళ్లు కడుక్కున్నాక మొదటి మాట, "ఏదీ, నోరు." నేను నోరు తెరిస్తే వంగి వాసన చూసేది. "బెల్లం జీడి తిన్నావు. ఎవరు పెట్టారు?" కొట్టువాడి దగ్గర కొనుక్కున్నానంటే సరే. ఎవరో ఇచ్చారంటే మాత్రం వాళ్ల ఇంటిపేరు, వాళ్లకి లంకలో చుట్టాలున్నారా లేదా, అది పెడుతూ ఏమన్నారు, అన్నీ చెప్పాలి. లంక పేరు వస్తే చాలు, ఆవిడ మొహం మూసుకుపోయేది. ఆ లంక గోదావరి మధ్యలో ఉంది. అప్పట్లో రేవులో పడవెక్కి వెళ్లాలి.

అంత భయం ఎందుకో తెలియాలంటే నన్ను కొన్న సంగతి చెప్పాలి. నాకంటే ముందు పిన్నికి పుట్టిన పిల్లలు దక్కలేదు. అలాంటి ఇంట్లో పుట్టిన బిడ్డని తవుడుకి అమ్మడం మా వైపు ఆచారం. బిడ్డని చేటలో పెట్టి ఇంకొకామె చేతికిచ్చి, బదులుగా చేటెడు తవుడు పుచ్చుకుంటారు. మృత్యువు వచ్చి చూస్తే, ఇది ఈ ఇంటి బిడ్డ కాదు, తవుడు పాటి ఖరీదు చేసేది, దీన్నేం తీసుకెళ్తాంలే అని వదిలేస్తుందని నమ్మకం. ఆ తవుడుతో రొట్టె కాల్చి కన్నతల్లి తినాలి. తింటే బేరం ఖాయమైనట్టు. ఆ తరవాత కొన్నామె బిడ్డని మళ్లీ తల్లికే ఇచ్చేస్తుంది. తవిటయ్య అనో తవిటమ్మ అనో పేరు మాత్రం మిగులుతుంది. అంటే అంతా ఉత్తుత్తి బేరమే. నన్ను కొనడానికి మా అమ్మని పిలిచారు. పిన్ని భర్త నాన్నకి వరసకి తమ్ముడు. అమ్మకి పిల్లల్లేరు, ఇంట్లో తవుడుకి కొదవ లేదు. తీరా నన్ను తిరిగి ఇవ్వబోతే పిన్నే భయపడి, "గండం గడిచేదాకా నీ దగ్గరే ఉంచక్కా" అందిట. గండం ఎప్పుడు గడుస్తుందో చెప్పేవాళ్లు లేరు. నేను ఉండిపోయాను. బళ్లో సత్యవతి అని వేశారు కానీ, మిల్లులో చెరిగే ఆడవాళ్లందరికీ నేను తవిటమ్మనే. ఈ కథంతా నాకు చెప్పింది కూడా వాళ్లే. ఏడుస్తూ వెళ్లి, "నన్ను కొన్నావా?" అని అడిగితే, మా అమ్మ చేపలు తోముతూ తల కూడా ఎత్తకుండా, "ఆఁ, కొన్నాను. ఇంకెవరికీ అమ్మను. వెళ్లి అన్నం తిను" అంది.

మిల్లు ఆడవాళ్లు ఇంకో మాట కూడా చెప్పారు. పిన్ని ఆ రొట్టె తినలేదట. గేదెకి పెట్టేసిందట. పురుడు పోసిన మంత్రసాని కళ్లారా చూసి వచ్చి అమ్మకి చెప్పిందట. వేరే ఎవరైనా విని నవ్వి ఊరుకుందురు. మా అమ్మకి మాత్రం అది గుండెల్లో దిగిపోయింది. ఇప్పుడు ఒక బిడ్డని పెంచుకోవాలంటే దరఖాస్తులు పెట్టుకోవాలి, ఆఫీసర్లు ఇంటికొచ్చి వంటిల్లు దగ్గర్నుంచీ చూసి వెళ్తారు, కోర్టు ఒప్పుకోవాలి. అంతా అయ్యాక మాత్రం ఆ బిడ్డ నీదే, ఎవరూ వచ్చి అడగలేరు. మా అమ్మకి అలాంటి ధీమా ఏదీ లేదు. ఇంకొకామె తినని రొట్టె మీద ఆవిడ తల్లితనం ఆధారపడి ఉంది.

ఏటా కొత్త ధాన్యం మిల్లుకి రావడం మొదలయ్యాక, అమ్మ ఒక రోజు ముందుగా పట్టిన తవుడు జల్లించి పక్కన పెట్టేది. మర్నాడు వంటింటి తలుపు దగ్గరగా వేసి, ఒక్కతే కూర్చుని రొట్టె కాల్చేది. బెల్లం కరిగిన వాసనకి నేను తలుపు దగ్గర తచ్చాడితే, "ఇది నీది కాదు" అనేది. ఆ రొట్టెని అరిటాకులో చుట్టి, పైన తడిగుడ్డ కట్టి, నన్ను వెంటబెట్టుకుని రేవుకి బయల్దేరేది. పడవలో ఒడిలోంచి మూట దించేది కాదు. లంకలో పిన్ని వాకిట్లో నిలబడి ఉండేది. ఆ మూటని రెండు చేతులతో అందుకుని లోపలికి తీసుకెళ్లిపోయేది. మా ఎదట ముక్క కూడా తుంచేది కాదు. తరవాత దువ్వెన పట్టుకుని వచ్చి, నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకుని, ఇంటి దగ్గర వేసిన జడ విప్పేసి మళ్లీ కొత్తగా వేసేది. ఆవిడ చేతులు మెల్లిగా, చాలా మెల్లిగా కదిలేవి. ఊడిన నా వెంట్రుక ఊరి గాలికి కూడా చిక్కకూడదనే మా అమ్మ, ఆ కాసేపూ గోదారి వైపు మొహం తిప్పుకుని కూర్చునేది. తిరుగు ప్రయాణంలో ఆ జడని ముట్టుకునేది కాదు. ఏదో బేరం నడుస్తోందని నాకు ఖాయంగా తెలిసేది. బేరం ఏమిటో తెలిసేది కాదు.

ఎనిమిదో తొమ్మిదో చదివే రోజుల్లో నాకు నేనే తేల్చుకున్నాను. ఆ రొట్టెలో మందు ఉంది. తినేవాళ్లు మాట పడిపోయి, అడగాల్సింది అడగకుండా వశమైపోయే మందు. లేకపోతే కన్నతల్లి కూతుర్ని ఎందుకు అడగదు? ఒకసారి రేవులో పడవాయన ఉండబట్టలేక, "ఇంకా పిల్లని తల్లికి ఇవ్వలేదేంటండీ?" అన్నాడు. పడవ నిండా జనం. మా అమ్మ అందరికీ వినపడేలా, "ఇవ్వను. ఏం చేసుకుంటారో చేసుకోమను" అంది. ఆడవాళ్లు మొహమొహాలు చూసుకున్నారు. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. లంకలో నా కోసం ఏడ్చే తల్లి ఒకావిడ ఉందని, ఈవిడ నన్ను పట్టుకుని వదలడం లేదని ఆ రోజు నిర్ధారణ అయిపోయింది. అమ్మ మీద కోపం వచ్చినప్పుడల్లా ఆ లంక తల్లిని తలుచుకుని ధైర్యం తెచ్చుకునేదాన్ని. నాకు ఇంకో ఇల్లుంది, అక్కడ నన్ను కావాలనుకునేవాళ్లున్నారు అనుకుంటే ఏ తిట్టూ అంతగా తగిలేది కాదు.

ఇంకో అనుమానం కూడా ఉండేది. బాగా చిన్నప్పుడు, ఒక వానాకాలం నేను లంకలో ఉన్నట్టు గుర్తు. గోనెసంచుల వాసన, చూరు నీళ్లు పడే చప్పుడు, చాప మీద తడిగుడ్డతో పడుకున్న ఒక చిన్న పిల్లాడు. అన్నం గిన్నె ముందు నేను మొండిగా నోరు మూసుకుని కూర్చోవడం. అమ్మని అడిగితే, "నాకు టైఫాయిడ్ వచ్చిందే, అందుకని పంపాను" అనేది. టైఫాయిడ్ వస్తే జుట్టు ఊడుతుందని మా సైన్సు మాస్టారు చెప్పారు. మా అమ్మ జుట్టు మోకాళ్ల దాకా ఉండేది. నేను ఆవిడ జుట్టు వైపు చూస్తే, ఆవిడ నా చూపు వైపు చూసేది.

ఇలా ఒకరి మీద ఒకరం నిఘా పెట్టుకుంటూనే మేమిద్దరం బతికాం. నాకు టీచరు ఉద్యోగం వచ్చి, శిరీష పుట్టాక, నాన్న కూడా పోవడంతో అమ్మ మా దగ్గరికి వచ్చేసింది. ఆవిడ లేకపోతే నా ఉద్యోగం నిలిచేది కాదు. ఒక్క మాటలో చెప్పాలంటే శిరీషని పెంచింది ఆవిడే. నూనె రాసి కాళ్లు సాగదీయడం, ముద్దలు చేసి గోడ మీద పిట్టల్ని చూపిస్తూ పెట్టడం, జ్వరమొస్తే పక్కలోంచి కదలకపోవడం. అనుమానాలు మాత్రం వయసుతో పాటు ముదిరాయి. స్కూలు ఆటో అతని ఇల్లెక్కడో వెళ్లి చూసి వచ్చింది. సెల్‌ఫోన్లు వచ్చాక, వీడియో కాల్లో మాట్లాడేవాళ్లకి మన వంటిల్లంతా కనిపిస్తుందని, ఫోన్ని బోర్లా పడుకోబెట్టి దాని మీద తువ్వాలు కప్పేది. శిరీష కాలేజీ నుంచి వస్తూనే చెప్పులు విడవకుండా, "అమ్మమ్మా, ఇదిగో నోరు" అని తెరిచేసేది. ఇద్దరూ పకపకా నవ్వుకునేవారు. వాళ్లు అలా నవ్వుకుంటుంటే నాకు అసూయ కలిగేది. ఆ నవ్వు మా మధ్య ఎప్పుడూ లేదు. అదే శిరీష ఇవాళ తన కొడుకు స్కూలు బస్సు ఏ సందులో ఉందో ఫోన్లో నిమిషనిమిషానికీ చూసుకుంటుంది. దాన్ని ఎవరూ పిచ్చి అనరు.

ఆదివారం పిన్ని వచ్చింది. ఇప్పుడు లంకకి వంతెన పడింది, ఒకప్పుడు పూట పట్టే దారి కాఫీ చల్లారేలోపు అయిపోతోంది. ఆవిణ్ణి సోఫాలో కూర్చోబెట్టి, కొడుకు బజారులో పనుందని వెళ్లాడు. శిరీష వంటింటి గుమ్మంలో నిలబడి, ఫోను చూస్తున్నట్టు నటిస్తోంది. ఎండకి వాడిన మొహంతో పిన్ని నా వైపు చూసి నవ్వింది.

"ఏంటే పిల్లా, పోలీసోళ్లలాగా అలా చూత్తన్నావు?"

"ఏం లేదు పిన్నీ. మజ్జిగ తాగండి."

ఆవిడ గ్లాసు అందుకుంది కానీ తాగలేదు. సంచిలోంచి ఏ కాగితం బయటికి తీస్తుందోనని నేను చూస్తూ కూర్చున్నాను. సంచిలో మామిడికాయలు తప్ప ఏమీ లేవు. ఆవిడ మొదలుపెట్టేట్టు కనిపించలేదు. సరే, ఇన్నేళ్లుగా నన్ను తొలిచేస్తున్నది నేనే అడిగేద్దామనుకున్నాను.

"పిన్నీ, ఒకటి అడగనా? ఆ రొట్టెలో అమ్మ ఏం కలిపేది?"

"ఏం కలుపుతాదే? బెల్లం. కాసింత ఏలక్కాయ."

"మీరు తినేవారు కాదుగా?"

"ఎవరన్నారు? మొదట్లో తినలేదు, నిజవే. గొంతు దిగలేదు. తింటే నువ్వింక నాదానివి కావు కదా. గేదికి పెట్టేశాను. తరవాతోసారి తిన్నాను. మీ మిల్లెనక ఇంట్లో, వంటింటి గడప మీద కూర్చుని, అక్క చూత్తా ఉండగా తిన్నాను."

"ఎప్పుడు?"

"నిన్ను తిరిగి తీసుకొచ్చి ఇచ్చేసినప్పుడు."

నాకు అర్థం కాలేదు. శిరీష ఫోను దించింది. పిన్ని మజ్జిగ గ్లాసు బల్ల మీద పెట్టి, దాని వైపే చూస్తూ మాట్లాడింది.

"అక్క నిన్ను ఇవ్వలేదని ఊరంతా అనేవోరు. నువ్వూ అదే అనుకున్నావని నాకు తెలుసు. నీ చూపులోనే ఉండేది. అక్క ఇచ్చిందే తల్లీ. నాకు మగపిల్లలు ఇద్దరూ నిలబడ్డాక నేనే వచ్చి, ఇంకేం భయం లేదక్కా, నా పిల్లని నాకిచ్చెయ్యి అన్నాను. ఒక్క మాట అనలేదావిడ. లోపలికెళ్లి నీ బట్టలు మూట కట్టింది. తనే పడవెక్కి వచ్చి మా ఇంట్లో దింపింది. నీకేం ఇష్టవో, నువ్వు ఏ పక్కకి తిరిగి పడుకుంటావో అన్నీ చెప్పి, ఎనక్కి చూడకుండా వెళ్లిపోయింది."

"అమ్మకి టైఫాయిడ్ వచ్చిందని..."

"ఏ టైఫాయిడూ రాలేదు. ఆ వానల్లోనే నా చిన్నోడికి జ్వరం తగిలింది. ఎంతకీ తగ్గలేదు. మా అత్తగారు, తవుడుకి అమ్మిన పిల్లని గడప ఎక్కించావు, మృత్యువుకి దారి చూపించావు అంది. రోజూ అదే మాట. నువ్వేమో అన్నం ముట్టవు, అమ్మా అమ్మా అని రేవు కేసి చూత్తావు. నాకు భయవేసింది. ఇద్దర్లో ఒకర్ని ఎంచుకోవాలేమో అనిపించింది. వాణ్ణి ఎంచుకున్నానే. నీ చెయ్యి పట్టుకుని రేవు దాటాను. ఆ రోజు నేనే రొట్టె కాల్చమన్నాను. తిని, ఇంక ఇది నీదే అక్కా, ఎప్పుడూ అడగను అన్నాను."

ఆ కొడుకే ఇవాళ ఆవిణ్ణి కారులో తీసుకొచ్చి బజారుకి వెళ్లినవాడు. చాప మీద తడిగుడ్డతో పడుకున్నది అతనే. నేను బళ్లో పిల్లల్ని నిలదీసే గొంతుతోనే అడిగాను. "మరి ఆ తరవాత కూడా ఏటా తెచ్చేదిగా? నా పెళ్లయ్యేదాకా తెచ్చింది. మీరు తినేశాక, బేరం ఖాయమయ్యాక, మళ్లీ రొట్టెందుకు?"

"నిన్ను నాకు చూపించడానికి. ఇచ్చేసినదాన్ని, నేను మళ్లీ మీ గుమ్మంలోకి ఏ మొహం పెట్టుకుని వత్తాను? నేను వెళ్లిపోతుంటే అక్క ఆపింది. ఏడాదికోసారి రొట్టె వంకన తీసుకొత్తాను, నీ చేత్తో జడ వేసుకో అంది. ఒక్కటే ఒట్టు పెట్టించుకుంది. నువ్వు తిరిగి ఇచ్చేశావని పిల్లకి ఎప్పుడూ తెలీకూడదు, నేనే ఇవ్వలేదని అనుకోనీ అంది. కన్నది రెండుసార్లు వదిలేసిందని తెలిత్తే పిల్ల మనసు విరిగిపోతాది, నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ అంది. పడవలో అందరి ముందూ ఇవ్వను ఇవ్వను అని అరిచేది చూడు, అది నీకు వినపడాలనే."

ఇందులో కూడా అనుమానించడానికి ఏమైనా ఉందా అని వెతికాను. అలవాటు ఎక్కడికి పోతుంది? కానీ అబద్ధం చెప్పేవాళ్లు తమని తాము మంచివాళ్లని చేసుకుంటారు. ఈవిడ తనని తాను తగ్గించుకోవడానికి ఇంత ఎండలో ఇంత దూరం వచ్చింది. నమ్మక తప్పలేదు. నేను ఎక్కడ వెళ్లిపోతానో అని నా నోటి వాసన నుంచి గౌను దాకా కాపలా కాసిన మనిషి, నేను వెళ్లిపోవడానికి నాకున్న ఒకే ఒక్క కారణాన్ని తన చేతులతో బతికించింది. లంకలో నన్ను కావాలనుకునే తల్లి ఉందన్న ధైర్యం నాకు ఇచ్చింది లంక కాదు, మా అమ్మ. ఆవిడ మంచంలో ఉన్న ఆఖరి నెలల్లో కూడా నేను ఆ టైఫాయిడ్ మాట ఎత్తాను. "వచ్చిందే, నీకేం తెలుసు" అని గోడ వైపు తిరిగి పడుకుంది.

"ఇప్పుడెందుకు చెప్పారు పిన్నీ?"

"అక్క వెళ్లిపోయింది కదే. ఇంకా ఆవిడ మీద ఆ నింద ఎందుకు ఉండాలి? నాకూ ఎన్నాళ్లో లేదు. చెప్పేసి పోతే బరువు దిగుతాదని వచ్చాను."

పిన్ని తల ఎత్తి నా మొహంలోకి చూసింది. ఏడుస్తాననుకుందో, తిడతాననుకుందో తెలియదు. ఆవిడ మీద నాకు కోపం రాలేదు. జ్వరంతో ఉన్న కొడుకు, నిందించే అత్తగారు, చుట్టూ నీళ్లు. నేనైనా ఏం చేసి ఉండేదాన్నో చెప్పలేను. కోపం వచ్చింది వేరేదానికి. మా అమ్మ అన్నేళ్లు ఒక్కతే మోసి, మంచంలో కూడా నోరు జారకుండా దాచుకెళ్లినదాన్ని, ఈవిడ ఒక్క పూటలో మజ్జిగ గ్లాసు పక్కన పెట్టేసింది.

"అమ్మ చెప్పొద్దంది కదా పిన్నీ. చెప్పకుండా ఉండాల్సింది" అన్నాను.

ఆవిడ నెమ్మదిగా తల ఊపింది. శిరీష వచ్చి నా పక్కన కూర్చుంది. నాకు బుద్ధి తెలిశాక, మా అమ్మ పక్షాన నేను ఒకరితో మాట్లాడటం అదే మొదటిసారి.